చిప్‌కు చెవులొచ్చాయి, తాళం కూడా

1945లో రైలింజిన్ల తయారీకి పుట్టిన టెల్కో, 1954లో మెర్సిడెస్-బెంజ్ సహకారంతో లారీల్లోకి దిగింది. 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకుంది. జంషెడ్‌పూర్‌లో కాలనీ మాత్రం ఇంకా టెల్కో కాలనీయే. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని ఈ ఊరొచ్చిన తెలుగువాళ్లలో మా పెదనాన్న ఒకరు. ఫిట్టర్. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ సిలిండర్ సరిగా మండటం లేదో చెప్పేవారు.

ఇప్పుడా పని చిప్ చేస్తోంది. ఒక సిలిండర్ మందగిస్తే క్రాంక్‌షాఫ్ట్ ఆ క్షణంలో రవ్వంత నెమ్మదిస్తుంది. సెన్సర్ ఆ తేడాను సంకేతంగా పంపుతుంది. కంట్రోల్ యూనిట్‌లోని ప్రాసెసర్ రొదను వడగట్టి, అసలు సంగతి పట్టుకుని, ఇంధనాన్ని సవరిస్తుంది. అంతా రెప్పపాటులో.

ఆ చిప్‌కు కీబోర్డు లేదు, తెర లేదు. అందుకే దాని ప్రోగ్రామ్‌ను వేరే కంప్యూటర్‌లో రాసి, క్రాస్ కంపైలర్‌తో చిప్ భాషలోకి మార్చి, ఒక ఫైలుగా కట్టి ఎక్కిస్తారు. ఒకే ఇంజిన్ టిప్పర్‌లోనూ ఉండొచ్చు, బస్సులోనూ ఉండొచ్చు. ఇనుము అదే, ప్రోగ్రామూ చాలావరకు అదే. ఇంధనం ఎప్పుడు, ఎంత అని చెప్పే పట్టికలే వేరు. ప్రోగ్రామ్ ఒక వెర్షన్, పట్టిక మరో వెర్షన్ అయ్యాయా, నట్లూ బోల్టులూ అన్నీ బాగున్న బండి కూడా మొరాయిస్తుంది.

అసలు తిప్పలు పంపిణీలో ఉన్నాయి. ఫ్యాక్టరీ దాటిన బండికి కొత్త ఫైలు ఎక్కించాలంటే సాధారణంగా అధీకృత వర్క్‌షాపుకు తీసుకెళ్లి ల్యాప్‌టాప్ తగిలించాలి. మధ్యలో కరెంటు పోతే యూనిట్ మూగబోవచ్చు. తయారీదారు డిజిటల్ సంతకం లేని ఫైలును చాలా యూనిట్లు దగ్గరకే రానివ్వవు.

పెదనాన్న కొడుకు బెంగళూరులో ఇలాంటి సాఫ్ట్‌వేరే రాస్తాడు. ఓ పండక్కి ఇంటికొచ్చినప్పుడు పెదనాన్న అడిగారు: "ఒరే, రాత్రి రెండింటికి చాండిల్ దగ్గర బండి ఆగిపోతే డ్రైవర్ ఎవర్ని పిలవాలి?"

"హెల్ప్‌లైన్ ఉంది నాన్నా."

పెదనాన్న మాట్లాడలేదు. తాళం ఎందుకో అన్నయ్య తర్వాత నాకు చెప్పాడు. పట్టిక మారిస్తే పొగ పెరుగుతుంది, బ్రేకుల జోలికెళితే ప్రాణాలు పోతాయి. నిజమే. కానీ 2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ బాగోతంలో పరీక్షను పసిగట్టి మోసం చేసే సాఫ్ట్‌వేర్‌ను దాదాపు 1.1 కోట్ల కార్లలో పెట్టింది రోడ్డు పక్క మెకానిక్ కాదు, తాళంచెవి ఉన్న కంపెనీయే.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక ఈ ఎలక్ట్రానిక్స్ లేని కొత్త లారీ దాదాపు లేనట్టే. హైవే పక్క మెకానిక్ చవక రీడర్‌తో తప్పు నంబరు చూడగలడు, అంతకు మించి చేయి పెట్టలేడు. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో వేసిన కమిటీ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. సోర్స్ కోడ్ ఊరంతా పంచమని ఎవరూ అడగడం లేదు. ఆమోదించిన ఫైలు, దాన్ని ఎక్కించే సాధనం, తప్పు నంబరుకు అర్థం చెప్పే పుస్తకం న్యాయమైన ధరకు బయటి మెకానిక్‌కూ అమ్మితే చాలు. చాండిల్ దగ్గర బండి ఆగితే ముందు చేరుకునేది అతనే.