రాత్రి భోజనంలో రెడ్ వైన్

రెడ్ వైన్‌కు రంగూ వగరూ ప్రధానంగా ద్రాక్ష తొక్క నుంచి వస్తాయి. తొక్కతో సహా పులియబెట్టిన ఈ రసంలో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 14 శాతం ఉంటుంది. ధర పెరిగితే రుచీ వాసనా మారవచ్చు గానీ కాలేయం మీద పడే పని మాత్రం మారదు. అందుకే మామూలు ఇంటి భోజనానికి చవక సీసా సరిపోతుంది. తియ్యగా ఉండే పోర్ట్ రకాల్లో మాత్రం చక్కెర ఎక్కువ.

ఖరగ్‌పూర్‌లో ఐఐటీ గోడను ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లో గానీ, రైల్వే క్వార్టర్లలో గానీ తెలుగువారి రాత్రి భోజనమంటే అన్నం, పప్పు, రుయి చేప వేపుడు, చారు. ఖాళీ కడుపుతో తాగితే ఆల్కహాల్ త్వరగా చిన్నపేగులోకి దిగి రక్తంలో ఒక్కసారిగా పెరుగుతుంది. అన్నం, పప్పు, నూనె కడుపులో ఉంటే నెమ్మదిస్తుంది. కారం దట్టించిన పులుసుతో తాగితే నోటి మంట ఇంకా పెరుగుతుంది. పప్పన్నం, కోడి వేపుడు నయం. ఇక్కడి ఎండాకాలంలో సీసాను తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. వెచ్చబడ్డ రెడ్ వైన్‌లో ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ తెలియదు.

వైద్యుడికి చిక్కు కొలత దగ్గర వస్తుంది. 'ఒక్క గ్లాసేనండి' అంటాడు రిటైరైన రైల్వే ఉద్యోగి. ఇంట్లోంచి ఆ గ్లాసు తెప్పించి చూస్తే అది స్టీలు గ్లాసు, అంచుదాకా పోస్తే 300 మిల్లీలీటర్లు. వైన్ గ్లాసు కొలత 150; అందులోనే ఆల్కహాల్ సుమారు 15 గ్రాములు. అంటే ఆయన ఒక్క గ్లాసు రెండు గ్లాసుల పెట్టు.

ఆయనకు షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్ వేసుకుంటాడు. వైన్‌లోనూ చక్కెర ఉంటుందని తలచి ఆ రాత్రి అన్నం మానేస్తాడు. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, తడబడే మాట. ఇంట్లోవాళ్ళు తాగిన మత్తే అనుకుంటారు. వేలు గుచ్చి చూస్తే గ్లూకోజ్ 50 లోపే. ఆల్కహాల్‌ను విరగ్గొట్టే పనిలో ఉన్న కాలేయం కొత్త గ్లూకోజ్ తయారు చేయడం తగ్గిస్తుంది. మాత్రేమో ఇన్సులిన్‌ను తోస్తూనే ఉంటుంది. ఈ రెంటి మధ్య ఆయన్ను ఆదుకోవలసినది మానేసిన ఆ అన్నమే. ఇలాంటప్పుడు తెలివి ఉంటే పంచదార నీళ్ళు తాగించాలి; తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వైన్ గుండెకు మంచిదన్న మాట 1990ల నుంచి బాగా పాకింది. కొవ్వు బాగా తినే ఫ్రెంచివారిలో గుండెజబ్బు తక్కువని, అందుకు వైన్ కారణం కావచ్చని 1992లో లాన్సెట్ పత్రికలో సెర్జ్ రెనో బృందం రాసింది. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ అనే పదార్థం గురించి ఎంత చెప్పుకున్నా గ్లాసులో అది అతి స్వల్పం. ఆల్కహాల్‌కు పూర్తిగా సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. రుచి కోసం తాగేవారి సంగతి వేరు. గుండె కోసమని కొత్తగా మొదలుపెట్టేవారిని వైద్యుడు ఆపాల్సిందే.

నిద్రమాత్రలు, క్షయ మందులు వాడేవారు, కాలేయ జబ్బున్నవారు, గర్భిణులు వైన్ జోలికి పోకూడదు. విరేచనాలకు మెట్రోనిడజోల్ వేసుకుంటున్నవారికి వాంతులు, గుండెదడ రావచ్చు. ఆ కోర్సు ముగిశాక కూడా 3 రోజులు ఆగమని మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది.