జలపాతము క్రింది మడుగు

జలపాతమును చూడబోయినవారి కన్నులు మొట్టమొదట పైనుండి దూకు తెల్లని ధారపై నిలుచును. అది సహజమే. కాని చాలకాలముగా భూగోళమును బోధించుచున్న మా దృష్టి మాత్రము ధారను విడిచి క్రిందనున్న మడుగును వెదకును. జలపాతము యెట్లు పెరిగినదో, యెటు నడచుచున్నదో ఆ మడుగువలననే తెలియును. ప్రతి సంవత్సరమును వానలు కురిసిన పిమ్మట ఎవరో పడుచువాండ్రు మునిగిపోయిరను వార్త పత్రికలలో చదువుచున్నాము గదా, అదియు చాలవరకు మడుగు పనియే.

నది పారు దారిలో గట్టిరాయియు మెత్తరాయియు కలిసియుండును. నీటితో కొట్టుకొనివచ్చు ఇసుకయు గులకరాళ్లును ఆకురాయివలె రాతిని అరగదీయును. మెత్తరాయి ముందు అరుగును, గట్టిరాయి నిలుచును. అచ్చట నొక మెట్టు ఏర్పడి నీరు దూకనారంభించును. దూకిన నీరు రాళ్లను గిరగిర త్రిప్పుచు క్రింద గుంట త్రవ్వును. ఆ సుడియు తుంపరలును ధార వెనుకనున్న మెత్తని పొరను తినివేయగా, పైనున్న గట్టిరాయి ఇంటి చూరువలె ముందునకు పొడుచుకొని నిలుచును. ఆధారము లేని చూరు ఎంతకాలము నిలుచును? ఒకనాడు అది విరిగి మడుగులో పడును; జలపాతము ఒక అడుగు వెనుకకు జరుగును. పడిన రాళ్లే మరల మడుగును త్రవ్వుటకు పనిముట్లగును.

నయాగరా జలపాతము ఇట్లు నడచుచునే యున్నది. పైన గట్టి సున్నపురాయి, క్రింద షేల్ అను మెత్తని పొరరాయి. సుమారు 12,000 సంవత్సరములలో అది దాదాపు 7 మైళ్లు వెనుకకు పోయి, తాను నడచిన దారిని లోయగా విడిచినది. 1950లో అమెరికా, కెనడా దేశములు చేసికొన్న ఒప్పందము ననుసరించి నదీజలములో చాలభాగము విద్యుచ్ఛక్తికై మళ్లింపబడుటవలన ఇప్పుడా నడక మందగించినది. 1901లో ఆనీ టెయిలర్ అను ఉపాధ్యాయిని పీపాలో కూర్చుండి ఆ జలపాతముమీదుగా దిగి బ్రదికి బయటపడెను. మా వృత్తిలోనిదే యైనను ఆమెను విద్యార్థులకు ఆదర్శముగా చూపుటకు మాకు ధైర్యము చాలదు.

అన్ని జలపాతములును ఇట్లే పుట్టవు. హిమానీనదములు కోసిన లోయల అంచులనుండి దూకునవియు కలవు. అవి మన ప్రాంతమునకు దూరపు సంగతులు.

మన పల్నాటిలో, మాచర్లకు సమీపమున, చంద్రవంక వాగు కృష్ణలో కలియుటకు ముందు సుమారు 70 అడుగుల యెత్తునుండి దూకు చోటు ఎత్తిపోతల. విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోవుదుమని మేము చెప్పినప్పుడు ఇద్దరు తండ్రులు అనుమతిపత్రముపై చేవ్రాలు చేయుటకు నిరాకరించిరి. ఒక తల్లి పాఠశాలకు వచ్చి, "మాస్టారూ, నాకున్నది వీడొక్కడే. వీనికేమైన నయినచో మీరేమి బదులు చెప్పుదురు?" అని యడిగెను. మేము కోపించలేదు, ఆ ప్రశ్న న్యాయమైనది. పిల్లలు నీటిలో దిగరనియు, పై గట్టునుండియే చూతురనియు మాట యిచ్చితిమి.

అచ్చటికి చేరగానే పిల్లలు రాతిపొరలనుగూర్చి ఒకటియు, అచ్చటి పెంపక కేంద్రమునందలి మొసళ్లనుగూర్చి పది ప్రశ్నలును అడిగిరి. ఇంతలో ఆ తల్లి కుమారుడే మా యొద్దకు వచ్చి, "మాస్టారూ, నేను కృష్ణలో ఈదినవాడను. మొసళ్లు లేని జలపాతమైనచో దిగవచ్చును గదండీ?" అనెను.

"నాయనా, ఏటిలో ఈత వేరు, ఇది వేరు" అని చెప్పి ధారవైపు చూపితిమి. ధారతోపాటు నీరు అడుగునకు దిగి, అడుగుననే ముందునకు పోవును. పైనున్న నీరు మాత్రము వెనుకకు, ధారవైపునకే మరలివచ్చును. ఒడ్డునకు ఈదుచున్నవానిని ఆ నీరు మరల ధారక్రిందికే తెచ్చును. తెల్లని నురుగులో గాలి యెక్కువ. అట్టి నీరు దేహమును తేల్చజాలదు. ఎంతటి గజఈతగాడైనను అచ్చట కాలుసేతులు ఆడించినకొలదియు అలయునే కాని పైకి రాడు. పైగా మడుగు లోతు గట్టుమీదివారికి కనబడదు. పాచిపట్టిన రాళ్లు నిలువనీయవు. ఎగువను ఎక్కడనో కురిసిన వానకు వాగు నిమిషములలో పొంగవచ్చును. "దిగవద్దు" అని మాత్రమే చెప్పిన పెద్దలమాట పడుచువారి చెవి కెక్కదని మా అభిప్రాయము. ఏల దిగరాదో చెప్పవలెను.

ఆ పిల్లవానికి మామాట రుచింపలేదు. మాచర్ల వచ్చువరకు బస్సులో ఎవరితోను మాటలాడక కిటికీవైపు తిరిగి కూర్చుండెను.

మరుసటి వారము ఒకనాటి సాయంకాలము పాఠశాల తోటలోని నీటితొట్టియొద్ద నలుగురైదుగురు గుమిగూడి యుండిరి. అతడు కొళాయిని పూర్తిగా విప్పి, ధారకు జానెడు దూరమున చిన్న బెండుముక్కను విడిచెను. అది మెల్లగా ధారవైపు జరిగి, మునిగి, తేలి, మరల ధారవైపే పోయెను. పదునాలుగు సారులు లెక్కించితినని అతడు మాతో చెప్పెను. బెండు ఇంకను తిరుగుచునే యుండెను.