చఖ్నా డబ్బా

ఉర్దూలో చఖ్నా అంటే రుచి చూడటం. మా దోస్తులకు మాత్రం మందు గ్లాసు పక్కన నంజుకునేదే చఖ్నా. హైదరాబాదులో బోటీ, కార్జం వేసి వండే కూరకూ అదే పేరు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ణి, ఇట్లాంటి మాట దొరికితే వదలబుద్ధి కాదు.

డిసెంబరొస్తే మా జర్నలిస్టు దోస్తుల మెహ్‌ఫిల్ ఎవరో ఒకరి మిద్దె మీద ఉంటుంది. కర్నూలు చలి ఏపాటి చలి! తుంగభద్ర గాలికి మఫ్లర్ చుట్టుకుంటే చాలు. నేను తాగను. ఫ్లాస్కులో సులేమానీ చాయ్ నాది, చఖ్నా జిమ్మేదారీ కూడా నాదే. బజారు మిక్చర్ వద్దంటారు, అమ్మీ డబ్బా కావాలంటారు.

అమ్మీ చేసేవి తేలికే. ఉగ్గానికైతే బొరుగులు నానబెడతాం, దీనికి మాత్రం ఉత్త బాండ్లీలో సన్నసెగ మీద కరకరలాడేదాకా వేయించాలి. నూనెలో బుడ్డలు, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు, పుట్నాలు వేగాక పసుపు, ఉప్పు వేసి బొరుగులు కలపడమే. ఉల్లిగడ్డ, నిమ్మకాయ తినేముందే, లేకుంటే మెత్తబడతాయి. రాత్రి నానబెట్టిన నల్ల శనగలు ఉడికించి తిరగమోత పెడితే గుగ్గిళ్లు. అసలైనవి ఖీమా కోఫ్తాలు. ఖీమాలో నీళ్లు లేకుండా పిండి, అల్లం, పచ్చిమిర్చి, పుదీనాతో నూరి, పుట్నాల పొడి కలిపి ఉండలు చేసి వేయించాలి. పొడి తక్కువైతే నూనెలోనే విచ్చిపోతాయి.

"ఎవరొస్తారు బేటా?" అనేది అమ్మీ.

"దోస్తులే అమ్మీ, చాయ్ మీదికి."

ఎనిమిదేళ్లు ఇదే ఝూట్. శరాబ్ తిరిగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోకూడదని చిన్నప్పుడు మౌల్వీసాబ్ చెప్పింది తెలీకనా!

పోయిన చలికాలం డబ్బా కడుగుతుంటే అడుగున సీసా మూత దొరికింది. అమ్మీ దాన్ని తీసి కిటికీలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. నాలుగు రోజులు అక్కడే ఉంది మూత. తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

ఈసారి అడగలేదు నేను. మెహ్‌ఫిల్ రోజు సాయంత్రం ఇంటికొస్తే బుడ్డలు వేగుతున్న వాసన.

"అమ్మీ, వాళ్లు తాగుతారు."

"మాలూమ్. నువ్వు?"

"లేదమ్మీ. కసమ్."

"ఉనోకు ఖాలీ పేట్ నక్కో పీనే దే రే" అంది. ఉత్త కడుపుతో తాగనీయొద్దట. నా ఝూట్ గురించి అడుగుతుందేమోనని నిలబడ్డా. అడగలేదు.

డబ్బా తెరిస్తే బొరుగులు, గుగ్గిళ్లు. కోఫ్తాలు లేవు.

"గోష్త్ ఆ సీసాల పక్కన పెట్టను. ఆదివారం పగలు అందర్నీ ఇంటికి రమ్మను."

మిద్దె మీద మొదటి గ్లాసు కాకముందే ఒక దోస్తు డబ్బాలో చెయ్యిపెట్టి వెతికాడు. "కోఫ్తాలేవి భాయ్?"

"ఆదివారం. మా ఇంట్లో. చాయ్ మీదికి."