చిరునామా లేని సంసారం

మీ తమ్ముడు ఏం చేస్తున్నాడమ్మా అని బంధువులెవరైనా నన్నడిగితే, నేను నోరు విప్పేలోపలే మా అమ్మ అందుకుని, "ఏదో కంప్యూటరు పని, తిరిగే పని" అనేది. అడిగినవాళ్ళు మందుల కంపెనీ ఏజెంటు కాబోలు అనుకుని ఊరుకునేవారు. నిజం చెప్పాలంటే ఆ పని ఎక్కడికీ తిరగదు. అది అమెరికాలో కొంత, జర్మనీలో కొంత కదలకుండా కూర్చుని వుంటుంది. తిరిగేది మావాళ్ళు ముగ్గురు: తమ్ముడు, మరదలు, పదేళ్ళ మా మేనకోడలు.

2020 మార్చిలో కరోనా వచ్చి ఆఫీసులు మూతపడినప్పుడు హైదరాబాదులో నలుగురితోపాటు వాడూ భోజనాల బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. 2022లో ఇక ఆఫీసుకు రండి అని తాఖీదు వచ్చేసరికి వాడికి వెళ్ళబుద్ధి పుట్టలేదు. రాజీనామా ఇచ్చేసి, నెలజీతం లేకుండా, ఎవరి పని వాళ్ళ దగ్గర గుత్తకు ఒప్పుకుని చేసి పంపటం మొదలుపెట్టాడు. దీన్ని ఫ్రీలాన్సు అంటారట. ఎక్కడ కూర్చుని చేసినా పని ఒకటే అయినప్పుడు, ఎదుటి ఫ్లాటువాళ్ళు ఆరవేసిన లుంగీలు చూస్తూ ఎందుకు చెయ్యాలి అని వాడి వాదం. వాదంలో లోపం నాకూ కనిపించలేదు. 2023 జనవరిలో అద్దె ఇల్లు ఖాళీచేసి, మంచాలూ బీరువాలూ అమ్మేసి, ఇత్తడి సామాను మా అటకమీద పడేసి, నాలుగు పెట్టెలతో బయలుదేరారు. గోకర్ణం, వర్కల, పుదుచ్చేరి, ఉదయపూర్ - ఒక్కొక్క ఊళ్ళో నెలో, నెలన్నరో. ఆధార్ కార్డు మీదా బ్యాంకు కాగితాల మీదా చిరునామా మాత్రం రాజమహేంద్రవరంలో మా ఇల్లే. వాళ్ళ పేరున వచ్చిన ఉత్తరాలన్నీ మా వంటింటి అలమారలో ఒక బిస్కట్ల డబ్బాలో చేరేవి.

మన పూర్వులు ఇల్లు కదలలేదని ఎవరైనా అంటే తెలుగు పాఠం చెప్పే మనిషిని గనక నేను ఒప్పుకోను. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి, పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని కాశీదాకా పోయి, 1831 సెప్టెంబరులో గాని ఇల్లు చేరలేదు. దారిపొడుగునా ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, ఎక్కడ మంచినీళ్ళున్నాయో రాసిపెట్టాడు గనక ఆ కాశీయాత్ర చరిత్ర మనకు మిగిలింది. అయితే ఒక్క తేడా వుంది. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. కోర్టు పని కోర్టులో వదిలి బయలుదేరాడు. మావాడు కోర్టును కూడా పెట్టెలో సర్దుకుని పోయాడు. అక్కడ వచ్చింది చిక్కంతా.

ఆ చిక్కు నేను కళ్ళారా చూసింది 2024 వేసవిలో. మే 13న ఎన్నికల డ్యూటీ ముగించుకుని, అమ్మను కాకినాడలో మా పెద్దక్కయ్య దగ్గర దింపి, రెండు జాడీల ఆవకాయతో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఢిల్లీలో రాత్రి బస్సు పట్టుకుంటే తెల్లవారేసరికి హిమాచల్‌లో బీడ్ అనే ఊళ్ళో దింపింది. కాంగ్రా లోయలో చిన్న ఊరు. టిబెటన్లు స్థిరపడిన కాలనీ ఒకటి వుంది. పైన బిల్లింగ్ కొండమీంచి మనుషులు రంగురంగుల రెక్కలు తగిలించుకుని గాలిలోకి దూకుతుంటారు. 2015లో ప్రపంచ కప్పు పోటీలు కూడా అక్కడే జరిగాయి. రాజమండ్రి ఎండలోంచి వెళ్ళినదాన్ని, మే నెలలో శాలువా కప్పుకునేసరికి, మావాడిదే తెలివి అనుకున్నాను.

ఆ అనుకోవటం నాలుగు రోజులు నిలిచింది.

న్యూయార్కులో ఉదయం తొమ్మిదిన్నర అయితే మనకు రాత్రి ఏడు. అది వేసవి లెక్క. నవంబరులో వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు గనక అప్పుడు ఎనిమిది అవుతుంది. ఎక్కడో ఎవరో ముల్లు తిప్పితే వీళ్ళ ఇంట్లో అన్నాల వేళ జరుగుతుంది. తమ్ముడు ఏడింటికి మీటింగులో కూర్చుంటే లేచేసరికి ఒక్కోనాడు ఒంటిగంట. పొద్దున ఎనిమిదికి లేచి, పిల్లను కొండదారిన నడకకు తీసుకుపోయి, వచ్చాక రెండు గంటలు లెక్కలూ సైన్సూ చెప్తాడు. ఈ విషయంలో వాణ్ణి ఒక్క మాట అనటానికి లేదు. హైదరాబాదులో వుండగా ట్రాఫిక్కు దాటుకుని తొమ్మిదింటికి ఇల్లు చేరేవాడు. అప్పటికి పిల్ల నిద్రపోయేది. ఇప్పుడు దానికి గాలి ఎటు వీస్తే రెక్కలవాళ్ళు ఎగరగలరో తెలుసు, దేవదారు ఏదో చీడ్ చెట్టు ఏదో తెలుసు. తండ్రి వేలు పట్టుకుని నేర్చుకున్న చదువు అది. మా కాలేజీలో ఎందరు పిల్లలకు అంత దక్కుతుంది?

మరదలి సంగతి వేరు. ఆ అమ్మాయి ఇంగ్లీషు సినిమాలకూ సీరియళ్ళకూ తెలుగులో సబ్‌టైటిల్స్ రాస్తుంది. తెరమీద రెండు క్షణాలుండే మాటను అంతలో చదివి పూర్తిచెయ్యగలిగేట్టు కుదించాలి. కందపద్యంలో మాట ఇరికించినట్టే వుంటుందది. ఆ కష్టం నాకు తెలుసు. దానికి కావలసింది ఎడతెగకుండా కూర్చునే వేళ. ఆ వేళే లేదు. ఒకనాడు ఆమె బల్లమీద నోటుపుస్తకం తెరిచి వుంటే కళ్ళబడింది. ఎన్ని గంటలు పని చేసిందీ రాసుకునే పుస్తకం. "6.10 నుంచి 6.35. పాలు. 6.50 నుంచి 7.05. గ్యాసు బండ. 11.20 నుంచి 11.40. ఇంటివాళ్ళు, నీళ్ళ మోటారు. 3.00 నుంచి 3.50." పేజీ అంతా అంతే. తమ్ముడికి అటువంటి పుస్తకం లేదు, అవసరం లేదు గనక. వాడు తలుపు వేసుకుంటే అది ఆఫీసు. ఆమె తలుపు వేసుకుంటే అది తలుపు.

ఊరు మారినప్పుడల్లా కొత్త సంసారం గదా! పాలవాడెవరు, కందిపప్పు ఏ కొట్లో వుంది, చెత్త ఎక్కడ వెయ్యాలి, గీజరు మీట ఏది, డాక్టరు ఎంత దూరం - ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాలి. ఒక ఊళ్ళో ఇవన్నీ అలవాటయ్యేసరికి పెట్టె సర్దుకునే రోజు వస్తుంది. అట్లా పదిహేడు నెలల్లో పదమూడు వంటిళ్ళు. ఆ సంఖ్య నాకు చెప్పింది మరదలే. "పదకొండు" అన్నాడు తమ్ముడు. కాసేపు వాదించుకుని లెక్కపెడితే పదమూడే అయింది.

పధ్నాలుగోదానికి నేనూ వాళ్ళతో వెళ్ళాను. బీడ్ నుంచి మండి మీదుగా కులూ లోయలో నగ్గర్ అనే ఊరికి ప్రయాణం. దారిలో తమ్ముడు కారులోనే జర్మనీవాళ్ళతో మాట్లాడుతున్నాడు. ఔట్ దగ్గర సొరంగం వచ్చింది, దాదాపు మూడు కిలోమీటర్లు. వాక్యం మధ్యలో సిగ్నలు పోయింది. అవతలి ఒడ్డున వెలుతురు వచ్చేదాకా వాడు నోరు తెరుచుకుని అలాగే కూర్చున్నాడు. పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. వాడు నవ్వలేదు.

ఆ రాత్రి ఏడింటికి వాడికి మీటింగు, పన్నెండు లోపల మరదలు ఒక సినిమా పూర్తిచేసి పంపాలి. ఏడు కాకముందే గాలివాన వచ్చి కరెంటు పోయింది. దానితో వైఫై పోయింది. ముగ్గురి ఫోన్లలో ఒకదాంట్లోనే సిగ్నలు వుంది - తమ్ముడి ఫోన్లో. ఎవరూ ఎవరినీ అడగలేదు. వాడు ఆ ఫోను తీసుకుని మేడమీద గదిలోకి పోయాడు. మరదలు ఒక్క నిమిషం నిలబడి, ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని, గొడుగు తీసింది. కింద రోడ్డు మలుపులో ఒక హోటలుకు జనరేటరు వుంది. టార్చిలైటు పట్టుకుని నేనూ పిల్లా వెంట నడిచాం. హోటలువాళ్ళు మంచివాళ్ళు, టీ ఇచ్చి ఒక మూల బల్ల చూపించారు. పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది. పన్నెండుకు పది నిమిషాలుండగా పని పంపి మూత వేసి, "నేనేమీ ఊళ్ళు చూడటం లేదు వదినగారూ. ప్రతి ఊళ్ళోనూ పొయ్యి ఎక్కడ పెట్టాలో చూస్తున్నాను" అంది. కోపంగా అనలేదు. సామాను లెక్క చెప్పినట్టు చెప్పింది.

తమ్ముడు మేలుకునే వున్నాడు. ఫోను బల్లమీద బోర్లాపెట్టి, మా కోసం గుమ్మంలో నిలబడ్డాడు. మీటింగు ఎనిమిదిన్నరకే అయిపోయిందట.

ఆ ఆదివారం నగ్గర్‌లో నికొలస్ రోరిక్ ఇల్లు చూడటానికి వెళ్ళాం. ఆ రష్యన్ చిత్రకారుడు భార్యనూ పెద్దకొడుకునూ వెంటబెట్టుకుని 1925 నుంచి 1928 దాకా మధ్య ఆసియా అంతా తిరిగాడు. టిబెట్ పీఠభూమిలో నడిచలికాలంలో నెలల తరబడి గుడారాల్లో నిలిచిపోయారు. తిరిగినన్నాళ్ళూ బొమ్మలు వేస్తూనే వున్నాడు. ఆ తరువాత ఈ కొండమీద ఇల్లు చేసుకుని, 1947లో పోయేదాకా ఇక్కడే వున్నాడు. తమ్ముడు ఆ కొండల బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాడు. మరదలు అన్నీ చూసి, "అన్ని నెలలు గుడారాల్లో ఆవిడ ఏం వండించిందో ఎక్కడా రాయలేదే!" అంది. తమ్ముడు నవ్వబోయి మానుకున్నాడు.

అప్పుడు బయటికి వచ్చింది బడి మాట. పిల్లకు ఐదో తరగతి ఈడు. దూరవిద్యకు జాతీయ సంస్థ ఒకటి వుంది, దానిలో ఐదుకూ ఎనిమిదికీ సమానమైన స్థాయిలున్నాయి, పదో తరగతి పరీక్ష పధ్నాలుగేళ్ళు నిండాక రాయవచ్చు. తమ్ముడు ఇవన్నీ కనుక్కునే వున్నాడు. చదువుకు లోటు రాదంటే నేనూ నమ్ముతాను. కాని పిల్ల దగ్గర ఒక చిన్న పుస్తకం వుంది. అందులో స్నేహితుల పేర్లు ఊళ్ళవారీగా రాసుకుంది, ఇంగ్లీషులో. కొన్ని పేర్లపక్కన సున్నా చుట్టి వుంది. ఇదేమిటమ్మడూ అని అడిగితే, "వాళ్ళమ్మవాళ్ళ ఫోను నంబరు తీసుకోవటం మర్చిపోయాం అత్తయ్యా" అంది. ఆ పుస్తకం వాళ్ళ నాన్న అదివరకు చూడలేదట. నేను చూపించలేదు, అదే చూపించింది, బడి ప్రసక్తి వచ్చిన రాత్రి.

నాకు చేతనైన పని నేను చేశాను. రోజూ సాయంత్రం గంటసేపు దానిచేత అక్షరాలు దిద్దించాను. తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని ఒక్క అక్షరం రాదు. నేను బయలుదేరే నాటికి గుణింతాలు దాటి వొత్తుల్లోకి వచ్చింది. 'ళ' అక్షరం చూసి కొండమీంచి దొర్లుతున్న మనిషిలా వుందంది.

వారం రోజులు మొగుడూ పెళ్ళామూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మాట్లాడుకోవటం మాత్రం తెలుసు, ఎందుకంటే తమ్ముడు రెండు మీటింగులు మానేశాడు. వాడికి రావలసిన డబ్బు ఒకచోట రెండు నెలలుగా ఆగిపోయి వుంది. అది కూడా మాటల్లోకి వచ్చే వుంటుంది. మాటిమాటికీ అడ్వాన్సులు కట్టుకుంటూ తిరగటం తేలికేమీ కాదు. మరదలు పెట్టిన షరతులు మాత్రం నాకు చూపించారు, కాగితం మీద రాసి. పొద్దున ఆరు నుంచి పది దాకా ఆమె పని వేళ. ఆ నాలుగు గంటలూ పాలు, గ్యాసు, మోటారు, పిల్ల అన్నీ తమ్ముడివి. అందుకోసం వాడు అమెరికావాళ్ళకు రాత్రి పదకొండు దాటితే దొరకనని చెప్పెయ్యాలి. చెప్పాడు. ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు పని మానిపించారు. ఆ నష్టం చిన్నదేమీ కాదు. కాని ఆ తరువాత ఆ మాట ఎత్తగా నేను వినలేదు.

జూన్‌లో నేను రాజమండ్రి వచ్చేశాను. వాళ్ళు మైసూరులో పదకొండు నెలల ఒప్పందంమీద ఇల్లు తీసుకుని పిల్లను బడిలో వేశారు. సెలవుల్లో మాత్రం తిరుగుతామని తమ్ముడి పంతం. ఆ పంతం వుండనీ, దానికేం! జులైలో మరదలు ఫోనుచేసి గ్రైండరు కొన్నానని చెప్పింది. బల్లమీద పెట్టుకునేది కాదు, నేలమీద నిలబెట్టేది. ఇద్దరు పట్టుకుంటే గాని కదలదట. అమ్మ ఆ కబురు వీధి వీధంతా చెప్పింది.

దసరాకు అమ్మనూ తీసుకుని వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్ల గోడమీద అంటించిన కాగితం చూపించింది. 'అమ్మ పని వేల' అని పెద్ద అక్షరాలతో రాసి వుంది. 'ళ' ఎక్కడికి దొర్లిపోయిందని అడిగితే నాలుక కరుచుకుని దిద్దింది. సాయంత్రం రాజభవనం దీపాలు చూడటానికి అందరం బయలుదేరాం, తమ్ముడు తప్ప. వాడికి ఏడింటికి మీటింగు. దాదాపు లక్ష దీపాలు ఒక్కసారిగా వెలిగేసరికి అమ్మ, "వాడు కూడా వుంటే బాగుండేది" అంది. మరదలు ఫోటో తీసి పంపింది. మేం తిరిగి వచ్చేసరికి తలుపు ఓరగా వేసి వుంది. తమ్ముడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, అవతలివాళ్ళ మాటలు వింటూ, గ్రైండరు రాయి కడుగుతున్నాడు.