కొల్లేరు నీళ్లకి జ్వరమొచ్చింది!

గుడివాడ నుంచి భీమవరం రైలెక్కితే కైకలూరుకి ముందొచ్చే స్టేషన్ మండవల్లి. దిగి కొల్లేరు వైపు వెళ్తే ఎటు చూసినా చేపల చెరువులే. నీళ్లలో కర్రలు, వాటికి వేలాడే మేత సంచులు, గట్ల మీద కొంగలు. రీల్స్‌కి సూపర్ ప్లేస్. కానీ నేను వెళ్లింది ఎండాకాలంలో, మావయ్య చెరువు దగ్గర ఓ రాత్రి కాపలాకి.

తెల్లవారుజామున నాలుగింటికి మావయ్య లేపాడు. "ఒరేయ్, లైటు ఇటు కొట్టు!" చూస్తే బొచ్చెలు, శీలావతులు పైకి తేలి గాలి కోసం మూతులు తెరుస్తున్నాయి. పరుగున వెళ్లి ఏరేటర్లు ఆన్ చేశాం.

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 డిగ్రీలైతే ఏడున్నరే. పైగా రాత్రంతా నీటిలోని నాచు కూడా దాన్నే పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామే గండం.

"వాతావరణం మారుతోందంటే నమ్ముతావా మావయ్యా?"

"నమ్మేదేంట్రా, కరెంటు బిల్లులో కనపడుతుంటే!"

పొద్దున్నే బండి మీద పెదఎడ్లగాడి వంతెనకి వెళ్లాం. కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు వైపు సాగే దారి ఇది. వరదొస్తే లంక గ్రామాలవాళ్లంతా ఇక్కడ నీటిమట్టం ఎంతుందనే అడుగుతారు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్లు చివరికి చేరింది కొల్లేరుకే. ఇక్కడి రోడ్లూ మునిగాయి.

అలాగని తప్పంతా వాతావరణం మీదకి నెట్టలేం. గుర్రపుడెక్క, సరస్సులో వేసిన గట్లు కూడా నీటికి అడ్డమే. ఐదో కాంటూరు దాకా కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. మావయ్య అన్నగారి చెరువు కూడా అందులోనే పోయింది. "చెరువు పోయింది గానీ, అప్పు పోలేదురా" అన్నాడు.

2024లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 77 దేశాల్లో 73 వేల మందికి పైగా జనాన్ని అడిగితే, ఐదుగురిలో నలుగురు తమ ప్రభుత్వాలు వాతావరణం కోసం ఇంకా గట్టిగా పనిచేయాలన్నారు. అదే మావయ్యనీ అడిగా. "చేయాల్సిందే" అన్నాడు.

"మరి నీ గట్టు తీయమంటే?"

కాసేపు నీళ్లకేసి చూశాడు. "నా ఒక్కడిదీ తీస్తే నీళ్లు పోతాయా? అందరివీ తీయమను. తీశాక బతికే దారి చూపమను. అప్పుడడుగు, చెప్తా."

సర్వేలో 'అవును' అనడం తేలికే. ఆ 'అవును'కి ఎవరెంత పోగొట్టుకోవాలో కూడా లెక్క తేలాలి. చలికాలంలో ఆటపాక గూడబాతులు చూడ్డానికి వస్తే, ఈ వంతెన దగ్గర ఓ ఐదు నిమిషాలు ఆగండి. నీళ్లు ఎంత మెల్లగా కదులుతున్నాయో చూస్తే మావయ్య మాట అర్థమవుతుంది.