తురాయి పడిపోయిన చోట

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. సాయంత్రం గాలి తగ్గాక తలుపు తీసి చూస్తే మా గేటు కనిపించలేదు. గేటు మీద, గోడ మీద, సగం రోడ్డు మీద మా తురాయి చెట్టు పడి ఉంది. ఇల్లు కట్టిన ఏడాది నాన్న నాటిన చెట్టది. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. అమ్మ ఏమీ అనలేదు. లోపలికెళ్లి స్టవ్ వెలిగించింది.

కొమ్మలన్నీ కొట్టించాక, "మళ్లీ అదే వేద్దాంరా" అంది.

నాకిష్టం లేదు. తురాయి అందం కాదనను. మే నెలలో ఆకు కనిపించకుండా పూస్తుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టని చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు. కానీ దాని వేళ్లు లోతుకి పోవు, పక్కలకి పాకుతాయి. కొమ్మ పెళుసు. పైగా గొడుగులాంటి తల. గోడ పక్కన వేయాల్సిన చెట్టు కాదు.

అమ్మని తీసుకుని కడియం వెళ్లాను. అక్కడి నర్సరీల్లో అడుగుపెడితే కనబడినవన్నీ కొనాలనిపిస్తుంది. నర్సరీ పెద్దాయన మాత్రం పూల రంగు ఊసే ఎత్తలేదు. "గోడకి ఎన్నడుగులండి? పైన కరెంటు తీగలున్నాయాండి? సముద్రపు గాలి తగుల్తుందాండి?" ఇవే ప్రశ్నలు.

ఏడాకులపాల చూపించి, తొందరగా ఎదుగుతుందన్నాడు. ఎందుకో అమ్మకి నచ్చలేదు, బతికిపోయాం. తర్వాత మా ఊళ్లో వీధుల వెంట అవే నాటారు. చలికాలం మొదట్లో అవి పూస్తే ఆ ఘాటుకి కిటికీలు మూసుకోవాల్సిందే. రేల అడిగాను. పసుపు గుత్తులంటే నాకు ప్రాణం. "ఎండాకాలం ఆకు రాలుస్తుందండి, నీడ కోసమైతే వద్దు" అన్నాడు. చివరికి పొగడ దగ్గర ఆగాడు. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, చేవగల చెట్టు. "కాకపోతే నెమ్మదిగా ఎదుగుతుందమ్మా."

అమ్మ నా వైపు తిరిగి మెల్లగా అంది: "నెమ్మదిగా అంటే ఎన్నాళ్లురా? నాకు డెబ్భై రెండు."

ఏం చెప్పను? డబ్బు ఎక్కువైనా ఆరడుగుల మొక్కే కొన్నాను. గోడకి పదిహేనడుగులు వదిలి నాటాం. చాలాకాలం అమ్మ దాన్ని "నీ పొగడ" అనే అనేది. నీళ్లు మాత్రం తనే పోసేది.

ఐదో ఏట ఒక పొద్దున్న వాకిలి ఊడుస్తూ చీపురు ఆపేసింది. నేల మీద గోరంత పూలు, చిన్న చిన్న చక్రాల్లా. ఏరి కొంగులో వేసుకుని దారం అడిగింది.

తురాయి ఇచ్చినంత నీడ ఇప్పటికీ లేదు. మధ్యాహ్నం ఎండ ముందు గదిలోకి వస్తూనే ఉంది. నాన్న ఫొటోకి వేసిన ఆ మొదటి దండ ఎప్పుడో ఎండి గోధుమ రంగుకి తిరిగింది. తియ్యబోతే ఊరుకోదు. "ఇంకా వాసనుందిరా, చూడు" అంటుంది.