ఘాటెక్కే ముందు ఆయిల్

పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఏటా ఏప్రిల్‌లో ఆదిలాబాద్‌కు స్పాట్ డ్యూటీ పడేది. నిర్మల్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. అందరూ బస్సులో పోతే నేనూ, మా స్కూల్లో లెక్కలు చెప్పే సారూ మాత్రం బండ్ల మీద బయల్దేరేవాళ్లం. నాది 350 సీసీ బుల్లెట్, పాత కాస్ట్ ఐరన్ ఇంజన్‌ది. ఆయనది స్ప్లెండర్. అప్పటికింకా నాలుగు వరసల రోడ్డు పడలేదు. నాగపూర్ నుంచి హైదరాబాద్ పోయే లారీలన్నీ మహబూబ్ ఘాట్ మీద బారులు తీరేవి.

ఎండ ఒక్కటే అయితే ఎయిర్‌కూల్డ్ ఇంజన్ ఎలాగో తట్టుకుంటుంది. బండి పరుగెత్తినంతసేపూ ఫిన్నుల మధ్య గాలి ఆడుతూనే ఉంటుంది. అసలు కష్టం ఘాట్‌లో లోడు లారీ వెనక చిక్కుకున్నప్పుడు. రెండో గేరులో, నడిచినట్టే ఎక్కాలి. కింద తారు సెగ, ముందు లారీ పొగ. ఇక పిస్టన్ దగ్గరి వేడిని మోసుకుపోయే పనిలో ఎక్కువ భారం ఆయిల్ మీదే పడుతుంది. అదే ఆయిల్ ఆ వేడికి పలచబడుతుంది. మూలమలుపుల దగ్గర నా బండి ట్యాపెట్ల చప్పుడు మారడం నేను చెవులారా విన్నాను. పొద్దున ఇంటి ముందు మెత్తగా కొట్టుకునే ఇంజన్, ఘాట్ సగానికొచ్చేసరికి గలగలమనేది.

బస్టాండు వెనక సందులో బుల్లెట్లు మాత్రమే చూసే మెకానిక్ ఉండేవాడు. ఊరంతా చాచా అనే పిలిచేది. ఆయన డిప్‌స్టిక్ బయటికి తీసి, చివర నిలిచిన చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. నా బండి ఆయిల్ అలా చూసి తల అడ్డంగా ఊపాడు.

"సార్, గిది పల్సగైంది. ఊర్ల తిరగనీకి ఫరవాలేదు గని, ఘాటెక్కనీకి నడ్వది. యాభై నంబర్ పోస్త."

అప్పటిదాకా అందులో ఉన్నది 20డబ్ల్యూ-40. ఆయన పోసింది 20డబ్ల్యూ-50. ఆయన వేళ్లతో తేల్చిన తేడా లెక్కల్లోనూ స్పష్టంగా ఉంది. 100 డిగ్రీల వేడిలో 40 నంబరు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. 50 నంబరుది అక్కడ మొదలై 21.9 దాకా పోతుంది. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో స్టార్ట్ చేసేటప్పటి సంగతి. 20డబ్ల్యూకి ఆ పరీక్ష చేసేది మైనస్ 15 డిగ్రీల దగ్గర. నిర్మల్‌లో డిసెంబరు తెల్లవారుజామున కూడా అంత చలి ఎవరూ చూడరు. మే నెలలో 45 డిగ్రీలు మాత్రం అందరం చూస్తాం. అందుకే ఇక్కడ ఎయిర్‌కూల్డ్ బండి ఉన్నవాళ్లు డబ్బా మీద ముందు చూడాల్సింది వెనక అంకెనే అని నా గట్టి నమ్మకం.

అలాగని చిక్కగా ఉన్నదల్లా మంచిదేం కాదు. ఒక రైతు తన బుల్లెట్‌కు ట్రాక్టర్ గేర్ ఆయిల్ పొయ్యమని చాచాతో వాదిస్తుంటే నేను పక్కనే ఉన్నాను. చాచా నోటితో జవాబు చెప్పలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్ మీద రాకర్‌కు పోయే పైపు బోల్టు కొద్దిగా వదులు చేశాడు. కాసేపటికి బోల్టు చుట్టూ ఆయిల్ చెమ్మ ఊరి, కిందికి సన్నగా జారింది. "గిది గింత పైకి రావాలె. నువ్వు చెప్పేది ఎప్పటికొస్తది? వచ్చేదాంక రాకర్ ఎండుకనే తిరగాల్నా?" అన్నాడు. రైతు మారు మాట్లాడలేదు.

మరుసటి ఏడాది ఘాట్‌లో ఆగిపోయింది స్ప్లెండరే. ఇంజన్ రయ్యిమని అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. లెక్కల సారు యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ చప్పుడే పెరిగింది. తాడు కట్టి నేరడిగొండ దాకా లాక్కుపోయాం. బయల్దేరే ముందు రోడ్డు పక్క దుకాణంలో ఆయిల్ మార్పించారట. కంపెనీ పుస్తకంలో 10డబ్ల్యూ-30 అని ఉంది, దుకాణంవాడు ఇచ్చిన డబ్బా మీదా అదే ఉంది. కాకపోతే అది కార్లకు తయారైన ఆయిల్. స్ప్లెండర్‌లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. పెట్రోలు ఆదా కోసం కారు ఆయిల్‌లో కలిపే జారుడు మందులు ఆ ప్లేట్లను పట్టు దొరకనివ్వవు. బైకు ఆయిల్ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో జాసో ఎంఏ అని ఉండేది ఇందుకే. క్లచ్ పట్టు పరీక్షలో నెగ్గిందని దానర్థం. పాత బుల్లెట్‌కు ఈ బెడద లేదు. దాని క్లచ్‌కు వేరే గది, వేరే ఆయిల్. గేర్‌బాక్స్ ఇంకో గది. పక్కపక్కన నిలబడ్డ మా రెండు బండ్ల కడుపులు అంత వేరని నాకు ఆ రోజే తెలిసింది.

నిర్మల్ తెచ్చాక క్లచ్ విప్పి చూస్తే ప్లేట్ల ముఖాలు నున్నగా మెరుస్తున్నాయి. ప్లేట్లు మార్చి, ఎంఏ ఉన్న ఆయిల్ పోశారు. నాలుగు రూపాయల తక్కువకో, తెలియకో అమ్మిన ఒక డబ్బా లెక్కల సారుకు ఆ నెల ఖర్చంతా తలకిందులు చేసింది. ఇలాంటి నష్టం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

చాచా ఖాళీ డబ్బాను చెత్తలో వేసేముందు స్క్రూడ్రైవర్‌తో అడుగున పొడిచేవాడు. లేకుంటే ఆ డబ్బాలోకే వాడిపడేసిన ఆయిల్ వడగట్టి పోసి, మూత బిగించి మళ్లీ అమ్మేస్తారని ఆయన భయం. అది ఉత్త భయం కాదు, అలాంటి నకిలీ సరుకు మార్కెట్లో తిరిగేదే.

తర్వాత యూసీఈ ఇంజన్ బుల్లెట్లు వచ్చాయి. వాటిలో ఇంజన్‌కూ క్లచ్‌కూ గేర్లకూ ఒకటే ఆయిల్, 15డబ్ల్యూ-50. మొదటి బండి దుకాణానికి వచ్చిన రోజు చాచా కళ్లద్దాలు పెట్టుకుని, డబ్బాను వెలుతురుకు తిప్పి, ఎంఏ అన్న అక్షరాలు ఎక్కడున్నాయో నన్ను చూపించమన్నాడు. నేను చూపించాక వేలితో తడిమి, "సరే, పొయ్యి" అని కుర్రాడికి చెప్పాడు.